అక్క ఆపరేషన్‌కు గామా ప్రోబ్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలా?

శారద_ఒంగోలు
మా అక్కకు 46 ఏళ్లు. కుడి రొమ్ములో గడ్డ కనిపిస్తే సూదితో ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సర్ అని తేలింది. గడ్డ 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. చంకలో బిళ్ల కట్టినట్టు చేతికేమీ తగలడం లేదు. అల్ట్రాసౌండ్‌లో కూడా అక్కడ అనుమానించాల్సినదేమీ లేదన్నారు. ఇంతవరకు ఇద్దరు డాక్టర్లదీ ఒకటే మాట.

తేడా అంతా చంక దగ్గరే వచ్చింది. మొదటి ఆసుపత్రిలో రొమ్ములోకి నీలి రంగు ఎక్కిస్తారట. ఆ రంగు చంకలో ముందుగా ఏ గ్రంథికి చేరితే దానిని (కాపలా గ్రంథి అంటారట, వ్యాధి పాకితే ముందు అక్కడికే చేరుతుందట) తీసి పరీక్షకు పంపుతారు, అందులో వ్యాధి లేకపోతే మిగతా గ్రంథుల జోలికి వెళ్లరు. రెండో ఆసుపత్రిలో ఉదయమే రేడియోధార్మిక మందు ఎక్కించి, ఆపరేషన్ బల్ల మీద పెన్ను లాంటి పరికరంతో ఆ మందు ఎక్కడికి చేరిందో వెతుకుతారట. గామా ప్రోబ్ అన్నారు. దానికి 25 వేలు ఎక్కువ. డబ్బు ఎలాగోలా సర్దుతాం. కానీ మొదటి డాక్టరు "ప్రోబ్ లేకపోయినా నష్టం లేదు" అంటున్నారు, రెండో ఆయన "ప్రోబ్ లేకుండా నేను ఈ ఆపరేషన్ చేయను" అంటున్నారు.

అక్క బట్టలు కుడుతుంది. కుడి చేయి మూలపడితే ఇల్లు గడవదు. రేడియేషన్ అనే మాట వినగానే నీరుగారిపోయింది. ఆపరేషన్ తర్వాత మా ఇంట్లోనే ఉంటుంది, నాకు 8 నెలల పాప. ఆ మందు ఒంట్లో ఉండగా పాపను ఎత్తుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. గురువారంలోపు తేదీ ఖాయం చేసుకోవాలి.

కృష్ణలంక_రమణ
ఆ పరికరం నుంచి రేడియేషన్ వస్తుందన్నమాట. అయితే డాక్టర్లకూ ప్రమాదమే కదా? ఎక్స్‌రే గదిలోలాగా సీసపు కోటు వేసుకుని చేస్తారా?

థియేటర్_సిస్టర్
రమణ గారూ, ప్రోబ్ నుంచి ఏమీ రాదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు విన్నట్టు అది వింటుంది. రేడియేషన్ ఉన్నది ఉదయం ఎక్కించిన మందులో, అదీ చాలా తక్కువ. మేము సీసపు కోట్లు వేసుకోం.

నేను 11 ఏళ్లుగా ఈ ఆపరేషన్లకు సామాను అందిస్తున్నాను. శారద గారూ, మీ అక్కకు ధైర్యంగా ఉంటుంది కాబట్టి కళ్లకు కట్టినట్టు చెబుతాను. ప్రోబ్ లావుపాటి మార్కర్ పెన్ను అంత ఉంటుంది. దానికి శుభ్రం చేసిన పొడవాటి ప్లాస్టిక్ తొడుగు వేస్తాం. వైరు అవతలి చివర చిన్న పెట్టె, దాని మీద అంకెలు, లోపల స్పీకరు. కత్తి పెట్టకముందే సర్జన్ చంక చర్మం మీద ప్రోబ్‌ను మెల్లగా జరుపుతారు. మొదట ఎక్కడో ఒక టిక్కు, కాసేపటికి ఇంకో టిక్కు. ఒక చోటికి వచ్చేసరికి టిక్కులు ముసురుకుని ఒకటే మోతగా మారతాయి. అక్కడ పెన్నుతో గుర్తు పెడతారు. ఆ గుర్తు మీదే మూడు నాలుగు సెంటీమీటర్ల కోత. లోపల మళ్లీ ప్రోబ్ పెట్టి మోత ఎటు పెరిగితే అటు వెళతారు. అంత చిన్న కోతలో, పసుపు రంగు కొవ్వులో, చిక్కుడు గింజంత గ్రంథిని వెతికి పట్టాలి. కంటితోనే అయితే ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుస్తుంది.

కృష్ణలంక_రమణ
చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఇక్కడ నిజంగానే చంకలో వెతుకులాట! మంచి విషయం తెలిసింది సిస్టర్.

టెక్నీషియం_వాసు
నేను న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తాను. ఉదయం ఆ ఇంజెక్షన్ తయారు చేసేది మేమే. పాప సంగతి ముందు చెబుతాను.

మందు పేరు టెక్నీషియం-99ఎం సల్ఫర్ కొలాయిడ్. అదే రోజు ఆపరేషన్ అయితే సాధారణంగా అర మిల్లీక్యూరీ నుంచి ఒక మిల్లీక్యూరీ వరకు ఎక్కిస్తాం. ఎముకల స్కాన్‌కు 20 మిల్లీక్యూరీలు ఇస్తాం, వాళ్లు బస్సెక్కి ఇంటికి వెళ్లిపోతారు. దానితో పోల్చుకోండి. టెక్నీషియం ప్రతి 6 గంటలకు సగమైపోతుంది. ఉదయం 8కి ఎక్కిస్తే మధ్యాహ్నం 2కి సగం, రాత్రి 8కి పావు, మరుసటి ఉదయం 8కి పదహారో వంతు. ఆ మరుసటి ఉదయానికి 256వ వంతు. మీ అక్క ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మీ పాపకు భయపడాల్సినంత ఏమీ మిగలదు. ఇంజెక్షన్ ఇచ్చిన ఆ ఒక్క పూట పసిపిల్లలను ఒడిలో ఎక్కువసేపు పెట్టుకోవద్దని మేము చెబుతాం. మీ ఆసుపత్రి వాళ్లు ఏం చెబితే అది పాటించండి.

మా దగ్గర ఈ టెక్నీషియం తీసే పెట్టెను ఆవు అంటాం. లోపల మాలిబ్డినం ఉంటుంది, అది విఘటనం చెందుతూ టెక్నీషియం అవుతుంది. పొద్దున్నే ఉప్పునీరు పంపి పితుకుతాం. మాలిబ్డినానికి సగం ఆయుష్షు 66 గంటలు, కాబట్టి వారం తిరిగేసరికి ఆవు వట్టిపోతుంది, కొత్తది రావాలి.

ఫిజిక్స్_మాస్టారు
వాసు గారు చెప్పిన అర మిల్లీక్యూరీ అంటే సెకనుకు ఒక కోటి 85 లక్షల పరమాణువులు విఘటనం చెందడం. అంకె పెద్దదిగా కనిపిస్తుంది కానీ ఒంట్లో ఎప్పుడూ ఉండే పొటాషియం కూడా సెకనుకు కొన్ని వేలసార్లు అదే పని చేస్తుంటుంది. రేడియేషన్ లేని మనిషి లేడు. ఆ పరికరం గీగర్ కౌంటర్ లాంటిదే అనుకుంటాను, ఆ టిక్కు టిక్కు శబ్దం అదే.

బయోమెడ్_ఇంజినీర్
మాస్టారూ, శబ్దం ఒకటే కానీ లోపల గీగర్ గొట్టం ఉండదు. ఇప్పటి ప్రోబ్‌ల కొసన స్ఫటికం ఉంటుంది. కొన్నింటిలో సీసియం అయోడైడ్, అది గామా కిరణం తగిలితే చిన్న మెరుపు ఇస్తుంది. కొన్నింటిలో కాడ్మియం టెల్లూరైడ్ రకం, అది నేరుగా విద్యుత్ స్పందన ఇస్తుంది. చుట్టూ టంగ్‌స్టన్ లేదా సీసంతో గోడ కట్టి ఉంటుంది, అందుకే ముందు నుంచి వచ్చేది మాత్రమే లెక్కలోకి వస్తుంది, పక్క నుంచి వచ్చేది ఆగిపోతుంది. గీగర్ గొట్టానికి కిరణం శక్తి ఎంతో తెలియదు. వీటికి తెలుస్తుంది. టెక్నీషియం కిరణం శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ చుట్టుపక్కల అంకెలనే లెక్కపెట్టమని అమరుస్తాం. కండలో తగిలి చెదిరి శక్తి తగ్గిన కిరణాలు అలా తప్పుకుంటాయి.

ఫిజిక్స్_మాస్టారు
సరిదిద్దినందుకు సంతోషం. కానీ నేను పూర్తిగా తప్పు కూడా కాదు. ఈ పద్ధతి పుట్టింది గీగర్ గొట్టంతోనే. 1949లో అమెరికాలో సెల్వర్‌స్టోన్, స్వీట్, రాబిన్‌సన్ అనేవాళ్లు మెదడు కణితి రోగులకు ఫాస్ఫరస్-32 ఇచ్చి, సన్నని గీగర్ ప్రోబ్‌ను మెదడులోకి దించి కణితి అంచు వెతికారు. ఫాస్ఫరస్ ఇచ్చేది బీటా కణాలు. అవి కొన్ని మిల్లీమీటర్లే ప్రయాణిస్తాయి, అందుకే ప్రోబ్ కణితిని దాదాపు తాకాలి. గామా కిరణం అలా కాదు, చర్మం బయటికీ వినిపిస్తుంది. సిస్టర్ చెప్పిన చర్మం మీద గుర్తు అందుకే సాధ్యమైంది.

సహజ_జీవనం
అందరూ తక్కువ తక్కువ అంటున్నారు. రేడియేషన్ ఎంత తక్కువైనా అసలు లేకపోవడమే మేలు కదా. రంగుతో అయ్యే పనికి అణుధార్మిక పదార్థం ఒంట్లోకి ఎందుకు ఎక్కించాలి? శారద గారూ, నేనైతే మొదటి ఆసుపత్రికే ఓటు.

నాగావళి
నాకు నాలుగేళ్ల కింద విశాఖలో ఇదే ఆపరేషన్ జరిగింది. రెండూ వాడారు, మందూ రంగూ. రేడియేషన్ నాకేమీ తెలియలేదు. ఇబ్బంది పెట్టింది ఇంజెక్షన్ మంట. చనుమొన చుట్టూ నల్లటి భాగంలో ఇస్తారు, ఒక నిమిషం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మీ అక్కకు ముందే చెప్పండి, తెలియకుండా పడుకుంటే ఎక్కువ భయం వేస్తుంది. ముందుగా మత్తు క్రీము రాయమని అడిగినా రాస్తారు.

పాలకొల్లు_పద్మ
సహజ_జీవనం గారూ, మా అమ్మ చేయి మీరు చూసి ఉంటే ఈ మాట అనేవారు కాదు.

2008లో అమ్మకు ఆపరేషన్ అయింది. అప్పుడు మా వైపు ప్రోబూ లేదు, రంగూ లేదు. చంకలోని గ్రంథులన్నీ తీసేశారు, 19 తీశామని కాగితంలో రాశారు. పరీక్షలో ఒక్కదానిలోనూ వ్యాధి లేదు. అందరం సంతోషించాం. ఏడాది తిరగకముందే ఎడమ చేయి వాచింది. గ్రంథులు లేక ఆ చేతి నీరు తిరిగి ఒంట్లోకి వెళ్లే దారి మూసుకుపోయింది. బోదకాలు కాలికి వచ్చినట్టు చేతికి. ఇప్పుడు ఎడమ చేతికి గాజు ఎక్కదు. పెళ్లినాటి గాజులు నా చేతికి ఉన్నాయి. జాకెట్టు ఎడమ చేయి రెండు అంగుళాలు వదులు పెట్టి కుట్టించాలి. చిన్న గీత పడినా జ్వరం వస్తుంది. ఆ 19 గ్రంథుల్లో ఒక్కదానికీ వ్యాధి లేకపోయినా ఇదంతా. ఒకటి రెండు తీసి చూస్తే సరిపోయేది.

మీరు భయపడాల్సింది అర మిల్లీక్యూరీకి కాదు, అక్కర లేకుండా అన్నీ తీసేయడానికి.

శారద_ఒంగోలు
పద్మ గారూ, చదువుతుంటే గుండె పిండినట్టయింది. అక్కకు చదివి వినిపించాను. జాకెట్టు మాట దగ్గర తన చేయి చూసుకుంది.

సహజ_జీవనం
పద్మ గారూ, మీ అమ్మగారి విషయం విని బాధ కలిగింది. అన్నీ తీయాలని నేను అనడం లేదు. రంగుతో కూడా ఒకటి రెండే తీస్తారు కదా, మందు అక్కరలేదు కదా అన్నదే నా మాట. దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు.

టెక్నీషియం_వాసు
ఇస్తాను. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. ఈ ఇంజెక్షన్ వల్ల ఒంటికి అందేది అందులో చిన్న భాగం. దానికి బదులుగా దొరికేది ఏమిటంటే, చర్మం కోయకముందే గ్రంథి ఎక్కడుందో తెలుస్తుంది. రంగు కోసిన తర్వాతే కనిపిస్తుంది. కొందరిలో గ్రంథి చంకలో కాక రొమ్ము ఎముక పక్కన ఉంటుంది, అదీ మందు ఇచ్చాక తీసే స్కాన్‌లో బయటపడుతుంది. రంగు ఒక్కటే వాడితే గ్రంథి దొరకని కేసులు ఎక్కువ. దొరకకపోతే కొందరు సర్జన్లు అన్నీ తీసేస్తారు. పద్మ గారి అమ్మగారికి వచ్చిన కష్టం అక్కడ మొదలవుతుంది. రెండో ఆసుపత్రి సర్జన్ మాటే సరైనది. ప్రోబ్ లేకుండా చేయకూడదు.

జిల్లా_సర్జన్
వాసు గారూ, "చేయకూడదు" అనే మాట దగ్గర ఆగాలి.

నేను జిల్లా ఆసుపత్రిలో సర్జన్‌ని. మా ఊరి నుంచి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం 140 కిలోమీటర్లు. ఆ విభాగం పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి, వేరే గదులు, శిక్షణ పొందిన మనుషులు, వారం వారం మీ ఆవు రావాలి. ప్రోబ్ కొన్నంత మాత్రాన వినడానికి మందు ఉండదు. మరి మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లందరికీ చంక మొత్తం ఖాళీ చేయమంటారా? నేను మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వాడతాను. ఇంజెక్షన్ ఇచ్చి 5 నిమిషాలు మసాజ్ చేస్తాను, నీలి నాళం వెంట మెల్లగా వెళతాను. రంగు గ్రంథితో పాటు వేలికి గట్టిగా తగిలిన గ్రంథిని కూడా తీస్తాను. దొరకని రోజు ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు పరీక్షించి చూపిన పద్ధతి ఉంది. చంక అడుగుభాగంలో, పై చేతికి స్పర్శ ఇచ్చే ఒక నరానికి దిగువన ఉన్న కొవ్వును గ్రంథులతో సహా తీసి చూడడం. దానికి మందూ అక్కర లేదు, ప్రోబూ అక్కర లేదు. చంక మొత్తం ఖాళీ చేయాల్సిన పనీ లేదు.

శారద గారి మొదటి డాక్టరు తప్పు చెప్పలేదు. ఆయన ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో, గ్రంథి దొరక్కపోతే ఏం చేస్తారో అడగండి. ఆ రెండు జవాబులు ప్రోబ్ కన్నా ముఖ్యం.

టెక్నీషియం_వాసు
డాక్టరు గారూ, మీ పరిస్థితి నాకు తెలియనిది కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటాను. కానీ శారద గారికి రెండు దారులూ తెరిచి ఉన్నాయి. ఉన్నప్పుడు రెండూ కలిపి వాడే చోటికి వెళ్లమనడం తప్పా? ఎన్.ఎస్.ఎ.బి.పి. అనే క్యాన్సర్ పరిశోధన బృందం చేసిన బి-32 అధ్యయనంలో అమెరికా, కెనడాల నుంచి 5,611 మంది మహిళలు పాల్గొన్నారు. రంగు, మందు రెండూ వాడారు. 97.2 శాతం మందిలో గ్రంథి దొరికింది.

జిల్లా_సర్జన్
అదే అధ్యయనంలో తప్పుడు నెగటివ్ 9.8 శాతం అని కూడా ఉంది కదా. అంత జాగ్రత్తగా రెండూ వాడినా.

పాలకొల్లు_పద్మ
అంటే నూటికి పదిమందికి వ్యాధి ఉండీ లేదని ఇంటికి పంపుతారా? ఇది భయంగా ఉంది.

ఫిజిక్స్_మాస్టారు
కాదు పద్మమ్మా. మొత్తం నూటికి కాదు, చంకలో వ్యాధి ఉన్నవాళ్లలో నూటికి. 100 మందికి ఆపరేషన్ జరిగింది, వాళ్లలో 30 మందికి చంకలో వ్యాధి ఉంది అనుకోండి. ఆ 30 మందిలో ముగ్గురికి కాపలా గ్రంథి శుభ్రంగా ఉండి వేరే దానిలో వ్యాధి ఉంటుంది. నూటికి ముగ్గురు. పదిమంది కాదు.

జిల్లా_సర్జన్
మాస్టారు చక్కగా చెప్పారు. ఆ ముగ్గురికీ తర్వాత మందులు, రేడియోథెరపీ ఎలాగూ ఉంటాయి. అందుకే 2010లో ఆ అధ్యయనం ఫలితాలు వచ్చినప్పుడు, కాపలా గ్రంథి శుభ్రంగా ఉన్నవాళ్లలో అన్నీ తీసినవారికీ తీయనివారికీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. పద్మ గారూ, మీ అమ్మగారి కాలానికి ఆ ఫలితాలు ఇంకా రాలేదు. ఆమెకు ఆపరేషన్ చేసినవాళ్లు అప్పటి పద్ధతినే పాటించారు.

పాలకొల్లు_పద్మ
ఈ మాట ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు డాక్టరు గారూ. అమ్మకు చెబుతాను.

లీడ్స్_లావణ్య
ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ రెండూ కలిపి వాడడం మామూలే, కానీ నీలి రంగు పేటెంట్ బ్లూ. దానికి అలర్జీ వచ్చి రక్తపోటు పడిపోయినవాళ్లను నేను ఇద్దరిని చూశాను, మత్తు డాక్టరు వెంటనే సంభాళించారు. అంటే సహజ_జీవనం గారూ, రంగు సహజమైనదీ కాదు, పూర్తిగా నిరపాయమైనదీ కాదు. కొన్ని ఆసుపత్రుల్లో ఇప్పుడు ఇనుప రేణువుల ద్రవం ఎక్కించి అయస్కాంత ప్రోబ్‌తో వెతుకుతున్నారు. దానికి అణు విభాగం అక్కర లేదు. కాకపోతే చర్మం మీద గోధుమ రంగు మచ్చ చాలాకాలం ఉంటుంది, తర్వాత ఎంఆర్ఐ తీస్తే అక్కడ బొమ్మ చెడుతుంది.

చేతికి తగలనంత చిన్న గడ్డలైతే బియ్యపు గింజకన్నా సన్నని అయోడిన్-125 గింజను గడ్డలో ముందే పెడతారు. సర్జన్ అదే గామా ప్రోబ్‌తో దాన్ని వెతుకుతారు. అయోడిన్ కిరణం శక్తి 27 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, టెక్నీషియంది 140. ఒక మీట నొక్కి గడ్డను వింటారు, ఇంకో మీట నొక్కి గ్రంథిని వింటారు. మొదటిసారి చూసినప్పుడు రేడియోలో స్టేషన్ మార్చినట్టు అనిపించింది.

థియేటర్_సిస్టర్
మిథిలీన్ బ్లూ గురించి ఇంటివాళ్లకు చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగానో నీలంగానో వస్తుంది. ఎవరూ చెప్పక ఒక పెద్దావిడ రాత్రంతా ఏడ్చింది. రెండోది, దిగులుకు, ఆందోళనకు మాత్రలు వాడుతుంటే ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి, కొన్నింటికి ఈ రంగు పడదు. ఆపరేషన్‌లో వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కూడా రంగు వల్ల కాసేపు తక్కువ చూపిస్తుంది. అది మాకు తెలిసినదే, కంగారు పడం.

శారద_ఒంగోలు
సిస్టర్, అక్క ఆందోళనకు మాత్ర వాడుతోంది! రోగం తెలిసినప్పటి నుంచి రాత్రులు నిద్ర లేక మా ఊరి డాక్టరు రాసిచ్చారు. ఇది ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

థియేటర్_సిస్టర్
మాత్ర అట్ట ఫోటో తీసి రేపే తీసుకెళ్లండి. మీ అంతట మీరు ఆపేయవద్దు. ఏం చేయాలో వాళ్లే చెబుతారు.

జిల్లా_సర్జన్
అవును. అది తగని మాత్రే అయితే శారద గారికి ప్రోబ్ దారి మేలు కావచ్చు, రంగు లేకుండా మందుతోనే చేయవచ్చు. నా నోటితో నేనే చెబుతున్నాను వాసు గారూ.

టెక్నీషియం_వాసు
డాక్టరు గారికి దండం.

కృష్ణలంక_రమణ
ఈ ప్రోబ్ రొమ్ము క్యాన్సర్‌కేనా? మా మేనమామకు మెడలో పారాథైరాయిడ్ ఆపరేషన్ అన్నారు, అక్కడా ఏదో మందు ఎక్కించి వెతుకుతామన్నారు.

టెక్నీషియం_వాసు
అదీ ఇదే. మందు వేరు, సెస్టామిబి. కొంతమంది సర్జన్లు తీసిన గ్రంథిని బయట ప్రోబ్ మీద పెట్టి కొలుస్తారు. మెడలో మిగిలిన చోట వచ్చే అంకెలో ఐదో వంతైనా వస్తే చెడ్డ గ్రంథి బయటికి వచ్చిందని లెక్క. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు కూడా కాపలా గ్రంథిని ఇలాగే వెతుకుతారు. అసలు రొమ్ములో కాపలా గ్రంథికి గామా ప్రోబ్ వాడినట్టు 1993లో మొదట రాసింది డేవిడ్ క్రాగ్ బృందం. పైన చెప్పిన బి-32 అధ్యయనానికి నాయకత్వం వహించిందీ ఆయనే.

లీడ్స్_లావణ్య
ప్రోస్టేట్‌కు రోబో ఆపరేషన్‌లో తాడుకు కట్టిన చిట్టి ప్రోబ్‌ను కడుపులోకి జారవిడిచి, రోబో చేతితో పట్టించి వెతుకుతున్నారు. సన్నని రంధ్రంలోంచి పొడవాటి ప్రోబ్ అన్ని వైపులకూ తిరగదు కాబట్టి.

సహజ_జీవనం
ఒక సందేహం. మందు ఎక్కించిన చోటు రొమ్ములోనే ఉంటుంది, చంకకు జానెడు దూరం కూడా ఉండదు. ఆ మోత ఈ మోతను ముంచేయదా?

బయోమెడ్_ఇంజినీర్
చాలా మంచి ప్రశ్న. ముంచేస్తుంది. ఎక్కించిన మందులో ఎక్కువ భాగం ఎక్కించిన చోటే ఉండిపోతుంది, గ్రంథికి చేరేది చాలా కొద్ది. అందుకే చనుమొన చుట్టూ ఎక్కిస్తారు, చంకకు వీలైనంత దూరం. ప్రోబ్ ముఖం ఎప్పుడూ రొమ్ము వైపు తిరగకుండా భుజం వైపో కిందికో పెడతారు. గడ్డ చంక పక్కనే ఉండి మందు కూడా అక్కడే ఎక్కిస్తే కష్టం. అప్పుడు ముందు గడ్డ తీసేసి తర్వాత చంకలో వినడం కూడా ఉంది.

ఇంకొకటి. ప్రోబ్ ఉందని సంతోషపడితే చాలదు, ఆ ఉదయం సరిచూశారా అని అడగాలి. మేము కోబాల్ట్-57 బిళ్లను ముందు పెట్టి అంకె నిన్నటితో సరిపోయిందో లేదో చూస్తాం. దాని సగం ఆయుష్షు 272 రోజులు, ఆ తగ్గుదల కూడా లెక్కలో వేసుకోవాలి. ప్రోబ్ ఒక్కసారి గచ్చు మీద పడితే బయటికి ఏమీ కనిపించదు, లోపల స్ఫటికం చిట్లి ఉంటుంది.

థియేటర్_సిస్టర్
నిజం. నేను ఇదివరకు చేసిన చోట ఒకసారి ఆపరేషన్ మధ్యలో పెట్టె బ్యాటరీ అయిపోయింది. ముందు రాత్రి చార్జింగ్ పెట్టాల్సినవాళ్లు పెట్టలేదు. అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. రంగు కూడా ఎక్కించి ఉండబట్టి ఆ నీలి నాళం పట్టుకుని సర్జన్ గ్రంథిని తీశారు. ఆ రోజు నుంచి పెట్టెను నా చేతులతో నేను చార్జింగ్ పెట్టందే ఇంటికి వెళ్లను.

నాగావళి
గ్రంథులు ఎన్ని తీస్తారని శారద గారు అడిగేలోపే చెబుతున్నాను. నాకు రెండు తీశారు. ఒకటే అనుకున్నాను. రెండోది ఎందుకని అడిగితే పది శాతం లెక్క అన్నారు, అప్పుడు అర్థం కాలేదు.

థియేటర్_సిస్టర్
అన్నింటికన్నా ఎక్కువ మోగిన గ్రంథిని బయట పెట్టి 10 సెకన్లు కొలుస్తాం. ఆ అంకెలో పదోవంతుకు పైగా మోగేవి లోపల ఉంటే అవీ తీస్తారు. మొన్నటి కేసు చెబుతాను. మొదటిది 2,300 చూపింది. పక్కన ఇంకోటి 410, అది పదోవంతుకు మించింది కాబట్టి తీశారు. తర్వాత చంకలో అన్ని వైపులా తిప్పితే 35 దాటలేదు. అక్కడ ఆపేశారు. నేను ఆ అంకెలు బోర్డు మీద రాస్తుంటే గదిలో ఎవరూ మాట్లాడరు.

లీడ్స్_లావణ్య
శారద గారూ, ఇంకో సంగతి. 2023లో ఇటలీ వాళ్ల నాయకత్వంలో సౌండ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 2 సెంటీమీటర్లలోపు గడ్డ, చంక అల్ట్రాసౌండ్ శుభ్రం. అలాంటివాళ్లలో కాపలా గ్రంథి కూడా తీయకుండా వదిలేసినా ఫలితం తీసిపోలేదు. మీ అక్కకు వర్తిస్తుందేమో అడగండి.

జిల్లా_సర్జన్
అడగడంలో తప్పు లేదు, ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోవద్దు. వయసు, గడ్డకు హార్మోన్ గ్రాహకాలు ఉన్నాయా లేదా, కీమో ఇవ్వాలా వద్దా అన్నది గ్రంథి ఫలితం మీద ఆధారపడుతుందా, ఇవన్నీ చూడాలి. 46 ఏళ్ల మనిషికి గ్రంథి చూడమనే ఎక్కువమంది చెబుతారు. లావణ్య గారు చెప్పింది నిజమే, కానీ అది అందరికీ కాదు.

పాలకొల్లు_పద్మ
శారద గారూ, ఏ ఆసుపత్రి అయినా సరే, ఆపరేషన్‌కు ముందే రెండు చేతులూ టేపుతో కొలిచి రాసి పెట్టండి. అమ్మకు అది చేయలేదు. వాపు మొదలైనప్పుడు ఎంత పెరిగిందో చెప్పడానికి పాత లెక్క లేక ఆరు నెలలు వృథా అయ్యాయి. ఒకటి రెండు గ్రంథులే తీసినా ఇరవై మందిలో ఒకరికి వాపు వస్తుందని మా ఫిజియోథెరపిస్టు చెప్పారు, అన్నీ తీస్తే ఐదుగురిలో ఒకరికట.

శారద_ఒంగోలు
రెండో ఆసుపత్రికే ఖాయం చేసుకున్నాం. మాత్ర అట్ట చూపించాను. మత్తు డాక్టరు చూసి నీలి రంగు వద్దన్నారు, మందుతోనే చేస్తారు. బ్యాటరీ సంగతి అడగడానికి మొహమాటపడ్డాను, అక్కే అడిగింది. అక్కడి సిస్టర్ నవ్వి, పెట్టె తెచ్చి పచ్చ దీపం చూపించింది. గురువారం ఉదయం 8కి ఇంజెక్షన్.

నాగావళి
గురువారం అందరం ఇక్కడే ఉంటాం.

శారద_ఒంగోలు
ఆపరేషన్ అయి 9 రోజులు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. రెండు గ్రంథులు తీశారు. ఆ రోజు అరగంటలో చూసి చెప్పిన ఫలితమూ శుభ్రం, నిన్న వచ్చిన పూర్తి రిపోర్టూ శుభ్రం. చంకలో ఇక ఏమీ తీయరు. డిశ్చార్జి కాగితంలో అంకెలు కూడా ఉన్నాయి సిస్టర్, మొదటిది 1,760, రెండోది 290, చివరికి మిగిలింది 22. అక్క ఆ కాగితం మడిచి దాచుకుంది. ఇంజెక్షన్ రోజున పాపను మా అత్తగారి దగ్గర ఉంచాను, రెండు రోజుల తర్వాత అక్క ఎడమ చేత్తో ఎత్తుకుంది.

పద్మ గారూ, మీరు చెప్పినట్టే ముందు రోజు కొలతలు తీశాం. తన టేపుతో తనే కొలిచింది. కొలతల పుస్తకంలో అందరి జాకెట్ల లెక్కల తర్వాత ఒక పేజీ తనకు వదులుకుని తన పేరు రాసుకుంది. మణికట్టు, ముంజేయి, మోచెయ్యి, రెండు వైపులా. నెలకోసారి రాస్తానంది.

పాలకొల్లు_పద్మ
మోచేతికి పైన 10 సెంటీమీటర్ల దగ్గర కూడా ఒకటి కొలవమనండి. అమ్మకు వాపు ముందు అక్కడే కనిపించింది.

శారద_ఒంగోలు
చెప్పాను. టేపు తీసుకురమ్మంటోంది.